పాట పుట్టుకతో రాదు: ‘పోర్గీ అండ్ బెస్’ సినిమా, అందులోని గాయకులు

‘పోర్గీ అండ్ బెస్’ ఒపేరాలో తెల్లవాళ్లు పాడరు. డిటెక్టివ్ వస్తాడు, అదిలిస్తాడు, ఏ పాపం ఎరగని ముసలి పీటర్‌ని సాక్షి పేరుతో జైలుకి ఈడ్చుకుపోతాడు. శవ పంచాయితీ చేసే అధికారి వస్తాడు. ఆర్చ్‌డేల్ దొర వస్తాడు. ఒక్కరూ రాగం ఎత్తరు, ఉత్త మాటలే. పాటంతా క్యాట్‌ఫిష్ రో అనే నల్లవాళ్ల వాడది. మూడు గంటల సంగీతమూ అక్కడి జాలర్ల నోట, రేవు కూలీల నోట, బట్టలుతికే ఆడవాళ్ల నోట, ఒక అవిటి బిచ్చగాడి నోట నడుస్తుంది.

1935లో జార్జ్ గెర్ష్విన్ ఇలా రాసినప్పుడు దీన్ని నల్లవాళ్లకి దక్కిన గౌరవంగా చూసినవాళ్లున్నారు. అధికారానికి పాట రాదు, బాధపడేవాడికే వస్తుంది అని అర్థం చెప్పుకున్నారు. ఆ అర్థం తప్పని అనలేం. కానీ దాని పక్కనే ఇంకో అర్థం కూచుని ఉంది. నల్లవాడు మాట్లాడటం మాని పాడతాడు, పాట వాడి రక్తంలో ఉంది, వాడికి నేర్చుకోవలసిన పని లేదు అన్నది ఆ రెండో అర్థం. ఇది మనకి బాగా తెలిసిన మాటే. డప్పు మాదిగోళ్లకి పుట్టుకతో వస్తుందని ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. డప్పుని మంట దగ్గర కాచి బిగువు చూసుకోవటం, చిర్రా చిటికెన పుల్లా చేతికి అలవాటయ్యేదాకా కొట్టటం, పెద్దవాళ్ల చేత తిట్లు తినటం, ఇవేవీ ఆ మాటలో ఉండవు. ‘సహజ కళ’ అనే మెచ్చుకోలు మొదట చేసే పని శ్రమని లెక్కలోంచి తీసేయటం. శ్రమ లేదన్న చోట కూలి ఇవ్వక్కర్లేదు, చదువు చెప్పక్కర్లేదు, గురువనీ పండితుడనీ పిలవక్కర్లేదు.

ఈ వ్యాసం ఆ ఒపేరాకి తీసిన ఒక సినిమా గురించి, అందులో పాడినవాళ్ల గురించి. ట్రెవర్ నన్ దర్శకత్వంలో ఇంగ్లండ్‌లోని గ్లైండ్‌బోర్న్ ఉత్సవంలో 1986లో రంగం మీదికి వచ్చిన ప్రదర్శనని తర్వాత స్టూడియోలో సెట్టు వేసి, ప్రేక్షకులు లేకుండా చిత్రీకరించారు. 1993లో టీవీల్లో వచ్చింది. సైమన్ రాటిల్ సంగీత నిర్వహణ, లండన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం. పోర్గీగా విల్లార్డ్ వైట్, బెస్‌గా సింథియా హేమన్. క్యాసెట్టుగానూ తర్వాత డీవీడీగానూ దొరికింది. ఈ ఒపేరాని తెరమీద చూడాలనుకునేవాళ్లు ఎక్కువగా చూసేది దీన్నే.

ఒపేరా అంటే మన పద్యనాటకానికి దూరపు చుట్టం అనుకోండి. తేడా ఏమిటంటే పద్యనాటకంలో వచనం ఉంటుంది, పద్యం వచ్చినప్పుడు రాగం తీస్తారు. ఒపేరాలో వచనం కూడా స్వరాల మీదే నడుస్తుంది. మైకు లేకుండా, వంద వాయిద్యాల మీదుగా వెనక బెంచీదాకా వినపడేలా పాడాలి. దానికి ఏళ్ల తరబడి ఊపిరి సాధన కావాలి. ఇది ఇష్టంతో వచ్చేది కాదు, డబ్బూ గురువూ తీరికా ఉంటేనే వచ్చేది. అందుకే ఇది చాలాకాలం తెల్లవాళ్ల కోటగా ఉండిపోయింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో ఒక నల్లజాతి గాయని, మేరియన్ ఆండర్సన్, ముఖ్యపాత్రలో నిలబడింది 1955 జనవరిలో. అదే నెలలో రాబర్ట్ మెక్‌ఫెరిన్ అక్కడ పాడిన మొదటి నల్లజాతి పురుషుడయ్యాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

కథ టూకీగా. దక్షిణ కరొలైనాలోని చార్ల్‌స్టన్ రేవు. క్రౌన్ అనే బలశాలి పాచికలాటలో తాగిన మైకంలో రాబిన్స్‌ని చంపి పారిపోతాడు. వాడి మనిషి బెస్‌ని వాడలో ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు, ఒక్క అవిటి పోర్గీ తప్ప. ఇద్దరికీ మనసు కలుస్తుంది. వాడంతా దీవికి వనభోజనానికి వెళ్లినప్పుడు అక్కడ దాక్కున్న క్రౌన్ బెస్‌ని లొంగదీస్తాడు. తుపాను వస్తుంది, జాలరి జేక్ పోతాడు, వాడి కోసం బిడ్డని బెస్ చేతిలో పెట్టి వెళ్లిన భార్య క్లారా పోతుంది. తిరిగొచ్చిన క్రౌన్ పోర్గీ చేతిలో చస్తాడు. శవాన్ని గుర్తుపట్టమని పోలీసులు పోర్గీని తీసుకుపోతారు. ఆ సందున స్పోర్టింగ్ లైఫ్ అనే మత్తుపొడి అమ్మేవాడు బెస్‌కి మత్తు అలవాటు తిరగబెట్టి న్యూయార్క్ తీసుకుపోతాడు. తిరిగొచ్చిన పోర్గీ ఆమె కోసం బయల్దేరతాడు.

ఈ కథ ఎవరిది? రాసింది డ్యూబోస్ హేవర్డ్. చార్ల్‌స్టన్‌లో చితికిపోయిన పెద్దింటి తెల్లవాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో ఒకాయన వంశం. మేకబండి మీద తిరిగే శామ్యూల్ స్మాల్స్ అనే నల్ల బిచ్చగాడి గురించి పేపర్లో పడ్డ చిన్న వార్త చూసి 1925లో ‘పోర్గీ’ నవల రాశాడు. భార్య డొరొతీతో కలిసి 1927లో దాన్ని నాటకం చేశాడు. గెర్ష్విన్ 1934 ఎండాకాలం చార్ల్‌స్టన్ పక్కన ఫాలీ దీవిలో మకాం పెట్టి, గల్లా నల్లవాళ్ల ప్రార్థనల్లో కూచుని వాళ్ల పాట విన్నాడు. శామ్యూల్ స్మాల్స్‌కి దీంట్లో పైసా రాలేదు, నవల వచ్చేనాటికే మట్టిలో కలిశాడు. గల్లా పాటగాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఇంకో సంగతి చూడండి. చార్ల్‌స్టన్ కథ చార్ల్‌స్టన్‌లో ఆడింది 1970లో. అంతకుముందు 1954లో వేయబోతే, నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ విడిగా కూచోబెట్టే చట్టం దగ్గర తగాదా వచ్చి ఆగిపోయింది. పేరు వాడదే, వాడవాళ్లు మాత్రం చూడటానికి 35 ఏళ్లు ఆగాలి.

మన దగ్గర ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 1922లో వచ్చింది, హేవర్డ్ నవలకి మూడేళ్ల ముందు. అక్కడా ఒక బ్రాహ్మణుడు మాలల ఇంట్లోకి వెళ్లి కథ చెప్పాడు. దాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లూ, సానుభూతి సాహిత్యం మాకొద్దు అని పక్కన పడేసేవాళ్లూ మనలో ఉన్నారు. రెండు వర్గాలకీ వాళ్ల న్యాయం ఉంది. అమెరికాలో కూడా సరిగ్గా ఇదే తగాదా. హెరాల్డ్ క్రూజ్ 1967లో అచ్చయిన పుస్తకంలో నల్లజాతి కళాకారులు ఈ ఒపేరాని శాశ్వతంగా బహిష్కరించాలని వాదించాడు. నల్లవాళ్ల గురించి తెల్లవాళ్లు రాసుకున్న బొమ్మ ఇది, దీన్ని మోసే కూలి మనకెందుకు అని ఆయన ప్రశ్న సారాంశం. ఆ కోపం అర్థమవుతుంది. తాగుడు, జూదం, కత్తి, మత్తు, నిలకడలేని ఆడది, మూఢభక్తి: తెల్లవాడి ఊహలో నల్లవాడంటే ఏమేమున్నాయో అన్నీ ఈ కథలో వరసగా ఉన్నాయి.

అయితే నవలకీ ఒపేరాకీ ఒక తేడా ఉంది. నవల పేజీ మీద పూర్తయిపోతుంది. ఒపేరా కాగితం మీద సగమే. ఎవరో ఒకరు నిలబడి పాడితే తప్ప అది లేదు. కాబట్టి ‘మాలపల్లి’ని తూచిన రాయితో దీన్ని తూచలేం. క్రూజ్ మాటలో పాడినవాళ్లు మోసినవాళ్లుగా మాత్రమే కనిపిస్తారు. చరిత్ర చూస్తే వాళ్లు అంతకన్నా చాలా ఎక్కువే చేశారు.

మొదటి పోర్గీ టాడ్ డంకన్ హోవర్డ్ విశ్వవిద్యాలయంలో గాత్రం చెప్పే పంతులు. మొదటి బెస్ ఆన్ బ్రౌన్ డాక్టరు కూతురు. బాల్టిమోర్‌లో ఆమె సొంత ఊరి సంగీత కళాశాల రంగు చూసి చేర్చుకోలేదు. న్యూయార్క్ వెళ్లి జూలియార్డ్‌లో చదువుకుంది. వీళ్లెవరూ రేవు దగ్గర దొరికిన ‘సహజ గాయకులు’ కారు. 1936లో ఈ ఒపేరా వాషింగ్టన్ నేషనల్ థియేటర్‌కి వెళ్లింది. అక్కడ నల్లవాళ్లకి ప్రవేశం లేదు. డంకన్, బ్రౌన్ మేం పాడం అన్నారు. యాజమాన్యం బేరాలాడింది, ఫలానా రోజు ఫలానా వరస అంది. వీళ్లు కదల్లేదు. చివరికి ఆ ప్రదర్శనలు నడిచినన్నాళ్లూ అన్ని సీట్లలో అందరూ కూచున్నారు. వీళ్లు వెళ్లిపోగానే హాలు మళ్లీ పాత పద్ధతికే పోయిందనుకోండి. ఆ తర్వాత 1942లో బెస్‌గా వచ్చిన ఎటా మోటెన్, తెల్లవాళ్లు నల్లవాళ్లని తిట్టే ఆ మాట నా నోట పలకను అంది. అయిరా గెర్ష్విన్ దాన్ని మార్చాడు. రాతని మార్చిందెవరు? పాడేవాళ్లే. రాసినవాడికి తోచని సిగ్గు పాడేవాళ్లు నేర్పారు. గాయకుల్ని అంచనా కట్టేటప్పుడు గొంతు ఎంత తీయగా ఉంది అన్నదానితో పాటు ఇది కూడా లెక్కలోకి రావాలి.

ఇప్పుడు సినిమాకి వద్దాం. గ్లైండ్‌బోర్న్ అంటే 1934లో ఒక భూస్వామి తన బంగళా తోటలో మొదలుపెట్టిన ఉత్సవం. జనం విందు దుస్తుల్లో వస్తారు, మధ్యలో పెద్ద విరామం ఉంటుంది, పచ్చిక మీద దుప్పట్లు పరుచుకుని తింటారు. అలాంటి చోట క్యాట్‌ఫిష్ రో పేదలు దీవికి వనభోజనానికి వెళ్లే దృశ్యం ఆడిందంటే నవ్వొస్తుంది. సినిమాలో ఆ తోట కనపడదు, అది మేలే.

విల్లార్డ్ వైట్ జమైకాలో కింగ్‌స్టన్‌లో 1946లో పుట్టాడు. జూలియార్డ్‌లో చదివాడు. అమెరికా నల్లవాడు కాదు, చార్ల్‌స్టన్ యాస ఆయనకి కూడా నేర్చుకున్నదే. ఇది లోపంగా చెప్పటంలేదు. పాత్ర అంటే నేర్చుకునేది అనటానికే చెబుతున్నాను. లోరిన్ మాజెల్ నిర్వహించిన 1970ల నాటి రికార్డులో కూడా పోర్గీ ఆయనే. 1989లో ఇదే ట్రెవర్ నన్ దర్శకత్వంలో షేక్‌స్పియర్ ‘ఒథెలో’ మాటల నాటకంలో ఒథెలోగా నటించాడు, ఇయాగోగా ఇయాన్ మెకెలెన్ ఎదురుగా. అంటే ఆయనకి రాగం ఆసరా లేకుండా కూడా మనిషిని నిలబెట్టటం వచ్చు.

మామూలుగా పోర్గీ మేకబండి మీద వస్తాడు. మోకాళ్ల మీద పాకే మనిషి, ప్రేక్షకుడు పైనుంచి కిందికి చూసే మనిషి. నన్ బండి తీసేసి చంకల కింద కర్రలిచ్చాడు. ఈ చిన్న మార్పు వల్ల అంతా మారిపోయింది. వైట్ భారీ మనిషి. వంగి ఉన్నా బెస్ కళ్లలోకి సమానంగా చూడగలడు. జాలికి ఉన్న ఎత్తే పోయింది. ఏమీ లేనివాడి సంతోషం గురించిన బాంజో పాట ఒకటుంది. ఈ ఒపేరాలో మనకి ఎక్కువ గుచ్చుకునేది అదే. పేదవాడికి ఏమీ అక్కర్లేదు, ఎండా నీళ్లూ దేవుడూ చాలు అని పేదవాడి చేతే పాడించటం పాత మోసం. మనకీ వేదాంతం రూపంలో ఇది తెలుసు. ఆ పాటని పళ్లికిలించి పాడితే కథ అయిపోయినట్టే. వైట్ గొంతు లోతు, బరువు అలా కానివ్వవు. ఆయన పాడుతుంటే అది లోకం మీద తీర్పులా కాక, నిన్న రాత్రి తన గదిలోకి ఒక మనిషి వచ్చిందన్న సంబరంలా వినపడుతుంది. సంతోషం లేమివల్ల వచ్చింది కాదు, బెస్ వల్ల వచ్చింది. కాగితం మీద రెండింటికీ వీలుంది. ఏది ఎంచుకోవాలో తేల్చింది గాయకుడు.

అయినా వైట్‌లో నాకు ఒక వెలితి ఉంది. ఆయన పోర్గీ మొదటి నుంచీ మరీ గంభీరమైన మనిషి. క్రౌన్‌ని చంపిన తర్వాత పోర్గీ నోట వచ్చే పొగరూ, ఆ భయంకరమైన నవ్వూ, నేనూ మగవాణ్ణే అనే గర్వమూ ఆయన దగ్గర కొంచెం మెత్తబడ్డాయి. పోర్గీ ఋషి కాదు. పాచికల్లో మోసం తెలిసినవాడు, హత్య చేసినవాడు, శవం మొహం చూడటానికి మాత్రం వణికినవాడు. పీడితుణ్ణి మరీ ఉన్నతుణ్ణి చేయటం కూడా మనిషితనం తగ్గించటమే. ‘మాలపల్లి’ రామదాసు మనకి అందుకే దూరమవుతాడు.

సింథియా హేమన్ బెస్ ఈ సినిమాకి ప్రాణం. గొంతు మరీ పెద్దది కాదు, పలచటి వెండితీగలాంటి గొంతు. చాలామంది బెస్‌ని మొదటి అంకంలో ఎర్రచీర కట్టిన రంభలా పాడి, చివర్లో పాపిష్టిదిగా వదిలేస్తారు. రాసినవాళ్లు ఆమెకి ఇచ్చిన దారి అంతే: మగవాడు మారినప్పుడల్లా మారే మనిషి. హేమన్ ఆమెని భయపడే మనిషిగా పాడింది. వాడ ఆడవాళ్లు తలుపులు మూసుకుంటున్నప్పుడు ఆమె మొహం చూడండి. పల్లెలో పేరు పడ్డ ఆడదాని మీద మన సొంత వాడ మూసే తలుపులు గుర్తుకొస్తాయి. అన్ని తలుపులూ తెల్లవాడే మూయడు.

దీవి దృశ్యం అసలు పరీక్ష. పిక్నిక్ ముగిసి పడవ కూత వేస్తుంది. పొదల్లోంచి క్రౌన్ వస్తాడు. గ్రెగ్ బేకర్ కొండలాంటి మనిషి, గొంతు కూడా అలాంటిదే. బెస్ మొదట బతిమాలుతుంది, నీకు కావలసిన వయసు పిల్లని చూసుకో, నన్ను పోర్గీకి వదిలెయ్ అని. సంగీతం మాత్రం ఆ బతిమాలటానికి కోరికలాంటి ఊపు ఇచ్చింది. గెర్ష్విన్ ఇక్కడ రెండు మనసులతో రాశాడు, లేదా నల్ల స్త్రీ అంటే ఇంతే అనుకుని రాశాడు. హేమన్ ఆ ఊపుని ఒప్పుకుంటూనే మాటల్ని ముక్కలు చేసి, ఊపిరి కరువైనట్టు పలుకుతుంది. చూసేవాడు ఇది సరసం అనుకోలేడు. బలాత్కారం అని తెలుస్తుంది, ఆమె శరీరం ఆమెకే ఎదురు తిరగటం కూడా తెలుస్తుంది. మనవాళ్లు చాలామంది స్త్రీ ప్రశ్నని తర్వాత చూద్దాం అంటుంటారు. ఈ ఏడెనిమిది నిమిషాలు చూసి చెప్పమనండి.

మిగిలినవాళ్లలో సెరీనాగా సింథియా క్లేరీ మొగుడి శవం దగ్గర చేసే శోకం గొప్పది. శోకం కూడా సాధనే. మన పల్లెల్లో శోకాలు పెట్టే ఆడవాళ్లని అడగండి, ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో వాళ్లకి తెలుసు. డామన్ ఎవాన్స్ స్పోర్టింగ్ లైఫ్ చురుకైనవాడే గానీ విషం తక్కువ. వాడు బైబిల్‌ని వేళాకోళం చేసే పాట నాస్తిక మిత్రులకి నచ్చుతుంది. వాడు మత్తు అమ్మేవాడని మరిచిపోకుండా వినాలి.

ఇక ఒక పెద్ద ఇబ్బంది. ఈ సినిమాలో ఎవరూ కెమెరా ముందు పాడలేదు. 1988లో ఇదే బృందం చేసిన రికార్డుని పెట్టి దానికి పెదవులు కదిపారు. దీనివల్ల ఒక లాభం ఉంది. ఒపేరా గాయకుల మొహం పైస్థాయి పట్టేటప్పుడు వికారంగా సాగుతుంది, దగ్గర షాట్‌లో అది ఓర్చుకోలేం. ఇక్కడ మొహాలు నటనకి ఖాళీగా ఉన్నాయి, హేమన్ ఆ ఖాళీని బాగా వాడుకుంది. నష్టం ఇంకా పెద్దది. వైట్ నేలమీద కూలబడినా, కర్రల మీద పరుగెత్తినా శబ్దం ఒకేలా ఉంటుంది. తుపాను గదిలో జనమంతా కుక్కుకుని ఉంటే గొంతులు మాత్రం విశాలమైన స్టూడియోలో ఉన్నాయి. మెడనరం బిగియదు, చెమట పట్టదు. నేను శ్రమ అని ఇంతసేపూ మొత్తుకుంటున్నది సరిగ్గా అదే. ఇంత కష్టమైన పనిని ఈ సినిమా తేలిగ్గా కనిపించేలా చేసి, తెలీకుండానే ఆ ‘పుట్టుకతో వచ్చింది’ అనే మాటకి సాయం చేసింది.

రెండు పాత్రల్లో ఇది ఇంకా ముదిరింది. జోలపాట పాడే క్లారా గొంతు హారొలిన్ బ్లాక్‌వెల్‌ది, తెరమీద మనిషి పౌలా ఇంగ్రామ్. జేక్ గొంతు బ్రూస్ హబ్బర్డ్‌ది. ఆయన 1991లో చిన్నవయసులోనే చనిపోయాడు. తెరమీద గోర్డన్ హాకిన్స్. సముద్రంలో మునిగిపోయే జాలరికి అప్పటికే పోయిన గాయకుడి గొంతు. అది చూస్తుంటే మనసు కలుక్కుమంటుంది. అయినా ఇక్కడ ఒక నల్లజాతి కళాకారుడి గొంతుకి ఇంకో నల్లజాతి కళాకారుడి శరీరం.

1959లో ఓటో ప్రెమింజర్ తీసిన హాలీవుడ్ సినిమాతో పోల్చండి, తేడా తెలుస్తుంది. పోర్గీగా సిడ్నీ పోయిటియే, ఇష్టం లేకుండానే ఒప్పుకున్నాడు. హ్యారీ బెలఫాంటే ఆ వేషం వద్దని తిప్పికొట్టాడు. పోయిటియేకి పాడింది రాబర్ట్ మెక్‌ఫెరిన్, మెట్రోపాలిటన్ గడప దాటిన ఆ మొదటి పురుషుడే. అంతటి గాయకుడికి హాలీవుడ్ ఇచ్చిన చోటు తెర వెనక. బెస్ డొరొతీ డాండ్రిజ్, గొంతు అడేల్ ఆడిసన్‌ది. ఇంతవరకు సరే. క్లారాగా డయాన్ కారొల్. ఆమె స్వయానా పేరున్న గాయని. ఆమె ఒళ్లో బిడ్డ, ఆమె నోట జోలపాట, గొంతు మాత్రం లూలీ జీన్ నార్మన్ అనే తెల్ల గాయనిది. నల్లతల్లి బిడ్డకి పాడే జోల కూడా తెల్లగొంతుకి అప్పగించాల్సి వచ్చింది. అంతకుముందు ఇదే ప్రెమింజర్ 1954లో తీసిన ‘కార్మెన్ జోన్స్’లో డాండ్రిజ్‌కి మార్లిన్ హోర్న్ అనే తెల్ల గాయని పాడింది. ఒకవైపు పాట నల్లవాళ్ల రక్తంలో ఉందంటారు, ఇంకోవైపు స్వరస్థాయి చాలదని తెల్లగొంతు తెస్తారు. రెండు మాటలూ ఒకే నోట వస్తాయి. చిందు ఎల్లమ్మ లాంటి మనిషి చిన్ననాటి నుంచి గజ్జెకట్టి ఆడి పాడితే జానపదం అంటారు, అదే అడుగు నగరంలో ఇంకొకరు వేస్తే శాస్త్రీయం అంటారు. మనకి కొత్త కాదు.

అయితే నల్ల పాత్రలకి నల్లవాళ్లే పాడాలన్న షరతు సంగతి? అది గెర్ష్విన్ పెట్టింది, ఆయన వారసులు కాపాడుతూ వచ్చారు. దానివల్ల లియొంటిన్ ప్రైస్, విలియం వార్‌ఫీల్డ్ 1952లో ఐరోపా తిరిగారు, వందల మందికి పని దొరికింది. 2018లో బుడాపెస్ట్‌లో హంగరీ ప్రభుత్వ ఒపేరా తెల్లవాళ్లతోనే వేసేసింది. మరుసటేడు విమర్శ ముదిరితే తమ గాయకుల్ని మేం ఆఫ్రికన్ అమెరికన్ గుర్తింపు గలవాళ్లమని కాగితం మీద సంతకం పెట్టమంది. కుల ధ్రువపత్రాలు దొంగతనంగా పుట్టించే దేశంలో ఉన్న మనకి ఇది చదివితే ఆశ్చర్యం కూడా కలగదు. కాబట్టి షరతు ఉండాల్సిందే. కానీ దాని రెండో వైపు కూడా గాయకులు చెబుతూనే ఉన్నారు. పోర్గీ పాడినవాడికి మళ్లీ పోర్గీయే వస్తుంది. మెట్రోపాలిటన్ 1985లో మొదటిసారి, మళ్లీ 2019లో దీన్ని వేసింది. ఎరిక్ ఓవెన్స్, ఏంజెల్ బ్లూ ముఖ్యపాత్రలు. 2020 ఫిబ్రవరిలో సినిమా హాళ్లకి ప్రత్యక్షంగా చూపించారు. అక్కడ గొంతు, శరీరం ఒకటే, ఊపిరి అందటం కళ్లారా కనిపిస్తుంది. కోరస్ కోసం ప్రత్యేకంగా నల్లజాతి గాయకుల్ని బయటినుంచి తీసుకున్నారు. అంటే రోజువారీ కోరస్‌లో సరిపడా లేరనే కదా. అదే వేదిక మీద నల్లజాతి సంగీతకర్త రాసిన ఒపేరా, టెరెన్స్ బ్లాంచర్డ్‌ది, 2021 సెప్టెంబరులో గానీ ఎక్కలేదు. స్కాట్ జోప్లిన్ 1911లోనే ‘ట్రీమనీషా’ అచ్చువేయించి, దాన్ని పూర్తిస్థాయిలో ఆడించలేక పోయాడు. అది 1972దాకా పడి ఉంది. అందులో నాయకురాలు చదువుకున్న నల్లపిల్ల, వాడకి మార్గం చూపించే పిల్ల. మత్తుకి లొంగే బెస్‌కి వేదిక దొరికింది, చదువు చెప్పే ట్రీమనీషాకి దొరకలేదు. ఒపేరాహౌసులు ఏ నల్లస్త్రీని వినదలుచుకున్నాయో ఇక్కడే తెలుస్తుంది.

నన్ సినిమా చివరి దృశ్యంలో పోర్గీ కర్రలు పారేసి నడుస్తాడు. హేవర్డ్ నవలలో ఇది లేదు, అక్కడ పోర్గీ ముసలివాడై కూలబడతాడు. ఒపేరాలో మేకబండి ఎక్కి న్యూయార్క్ వెళతానంటాడు, ఎంత దూరమో తెలీకుండా. కొందరికి అది అమాయకుడి నవ్వులాట. కర్రలు పారేయటం నాకు పూర్తిగా నచ్చలేదు, ఏసుక్రీస్తు మహిమలా ఉంది. అవిటితనం మనసుతో పోయేది కాదు. కానీ వైట్ తడబడుతూ వేసే ఆ నాలుగడుగుల్లో మహిమ లేదు, నొప్పి ఉంది. దర్శకుడు అద్భుతం అడిగాడు, నటుడు కష్టం ఇచ్చాడు.

హాస్టళ్లలో, అధ్యయన తరగతుల్లో చూపించదలుచుకున్నవాళ్లకి ఒక మాట. మూడు గంటలూ ఒకేసారి వద్దు, పిల్లలు పారిపోతారు. కథ ముందే తెలుగులో చెప్పండి. శోకం, దీవి దృశ్యం, చివరి భాగం, ఈ మూడూ చాలు మొదటి రోజుకి. 1959 సినిమాలోని జోలపాట దొరికితే దీని జోలపాట పక్కన పెట్టి వినిపించండి. ఎవరి మొహానికి ఎవరి గొంతో పాట వేయకముందే బోర్డు మీద రాయండి: డయాన్ కారొల్, లూలీ జీన్ నార్మన్, పౌలా ఇంగ్రామ్, హారొలిన్ బ్లాక్‌వెల్.